వంతెన మీద లస్కరు

ఈమధ్య ఒక కుర్ర డీఈ ఫోను చేశాడు. ఒకప్పుడు నేను కూర్చున్న కుర్చీలోనే ఇప్పుడు అతను కూర్చుంటున్నాడు. మర్యాదస్థుడు. నా ఆరోగ్యం గురించి, మోకాళ్ళ గురించి, మందుల గురించి అన్నీ అడిగి, ఆఖర్న అసలు సంగతికి వచ్చాడు.

"మేడం, పాయ మీద మన వంతెనకి ఒక లస్కరు పోస్టు ఉందండి. జిల్లాలో ఏ వంతెనకీ లేదు. ఆడిట్ వాళ్ళు ఎందుకని అడుగుతున్నారు. మీ టైంలో పెట్టారటగా. రద్దుకి రాసేద్దామని ఉంది, మీ చెవిన ఒక మాట వేద్దామని..."

"ఆగు నాయనా," అన్నాను. "ఇంకా రాయకు."

లస్కరంటే డెల్టాలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. కాలువ మీద తూములు ఎత్తి దించేవాడు, గట్లు చూసుకునేవాడు. కాలువకి లస్కరు ఉంటాడు గానీ వంతెనకి లస్కరేంటని అతని అనుమానం. అడగాల్సిన ప్రశ్నే. ఫోనులో చెప్పడానికి ఓపిక చాలక ఇలా రాస్తున్నాను. ఇంజనీరింగు ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన మిగతా పిల్లలు కూడా చదివితే సంతోషం.

ఆ వంతెన కట్టేటప్పుడు నేను కొత్తగా చేరిన ఏఈని. మా పంచాయతీరాజ్ శాఖలో అప్పట్లో ఆడ ఇంజనీర్లు అరుదు. మెల్లగా మాట్లాడితే వినపడలేదనేవారు, గట్టిగా మాట్లాడితే పొగరనేవారు. పొగరనిపించుకోవడమే నయమని మొదటి నెలలోనే తేల్చుకున్నాను.

వంతెన రాకముందు, గోదావరి పాయ అవతలున్న లంకకి పంటు ఒక్కటే దారి. రెండు పడవలు కలిపి పైన బల్లలు పరిచిన పంటు మీదే మనుషులు, సైకిళ్ళు, అరటిగెలల బళ్ళు, పెళ్ళివారి కార్లు అన్నీ దాటేవి. దాన్ని నడిపే ఆయన్ని ఊరంతా సరంగు అనేవారు. నేను బాబాయ్ అనేదాన్ని. సాయంత్రం చివరి ట్రిప్పుకి ముందు ఆయన పంటు అంచున నిలబడి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, "ఆఖరి పంటండోయ్! ఇంకెవరైనా ఉన్నారాండోయ్!" అని గట్టు అదిరేలా అరిచేవాడు. అరిచాక కాసేపు ఆగేవాడు. చెప్పులు చేత పట్టుకుని ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చేవారు. ఎవరూ రాకపోయినా మళ్ళీ అరిచేవాడు. ఒక్కరినీ గట్టున వదిలేసి వెళ్ళడన్నది ఆయన పేరు, ఆయన గర్వం కూడా అదే.

వంతెన పూర్తయితే ఆ పేరూ ఉండదు, ఆ పనీ ఉండదు. ఒక రోజు స్తంభాల పని దగ్గరకి వచ్చి చాలాసేపు చూసి, "ఇది లేచాక నా సంగతేంటమ్మాయ్?" అన్నాడు. గొడవకి రాలేదు, నిలదీయలేదు. అలా అడిగినందుకే నాకు ఎక్కువ బాధేసింది. "వంతెన ఉన్నన్నాళ్ళూ నీకు దానిమీద పని ఉంటుంది బాబాయ్. నా మాట," అన్నాను. ఏఈ ఉద్యోగంలో అంత మాటిచ్చే అధికారం నాకు లేదు. వయసు అలాంటిది. కానీ ఇచ్చిన మాట గాలికి పోకూడదని అప్పుడే పట్టుబట్టి, వంతెన మొదట్లో టోలుగేటు పెట్టినప్పుడు ఆయన్ని గేటు మనిషిగా వేయించాను. సరుగుడు వాసానికి ఒక చివర రాయి కట్టిన గేటు అది. వాసం ఎత్తడం, దించడం ఆయన పని. పంటుని గట్టుకి కట్టే రోజుల నుంచి ఆయన చేతికి అలవాటైన తాడే మళ్ళీ చేతికొచ్చింది.

వంతెన జిల్లాపరిషత్‌ది, అంటే జనానిదే. అప్పు తెచ్చి కట్టారు కాబట్టి ఆ ఖర్చు తీరేదాకా గేటు ఉంటుందని ప్రారంభం రోజున పెద్దలంతా మైకులో చెప్పారు. లంకవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఖర్చు తీరింది. గేటు మాత్రం తీరలేదు. ఏటా వసూలు హక్కుకి వేలంపాట పెడుతూనే ఉన్నారు, పాట పాడుకున్నాయన వసూలు చేస్తూనే ఉన్నాడు. ఎవరినన్నా అడిగితే, "వచ్చే ఆదాయాన్ని వదులుకుంటామా అండి" అనేవారు.

నేను తిరిగి తిరిగి డీఈగా ఆ సబ్‌డివిజనుకే వచ్చేసరికి పరిస్థితి ముదిరింది. పక్కదారి పట్టి తప్పించుకోకుండా గేటుని వంతెన నోటి దగ్గరే పెట్టారు కదా, అందుకని లంకలోంచి వచ్చే బళ్ళన్నీ వంతెన మీదే బారులు తీరేవి. సంతరోజు చూడాలి. గెలల లారీలు, కొబ్బరికాయల ట్రాక్టర్లు, కూరగాయల బళ్ళు, వాటి సందుల్లో పాలక్యాన్ల సైకిళ్ళు. బండికీ బండికీ మధ్య కొంత ఎడం ఉంటుందని లెక్కవేసి మేము ఆ వంతెన కట్టాం. సంతరోజు ఆ ఎడంలో చెయ్యి కూడా దూరదు. గేటు తీసెయ్యాలని లంకవాళ్ళు అర్జీలు పెట్టారు, ధర్నా చేశారు. చివరికి జిల్లాపరిషత్ పనుల కమిటీ దీనిమీద చర్చించి తేలుస్తామంది. నివేదిక ఇచ్చే పని నాకు పడింది.

గేటు పోవాలన్నది నా అభిప్రాయం. అందులో నాకు ఏ సందేహమూ లేదు. నన్ను పీకుతున్నది బాబాయ్ సంగతి. ఆ వారమే వంతెన దగ్గర ఆపి, "గేటు తీయించేస్తున్నారంటగా అమ్మాయ్," అన్నాడు.

"తీయాలి బాబాయ్. నువ్వే చూస్తున్నావుగా."

"చూస్తున్నాను. తీయాల్సిందే. పాలవాళ్ళు రోజూ నన్నే తిడుతున్నారు," అని నవ్వి, "మరి నేను?" అన్నాడు.

"నేనున్నాను కదా," అన్నాను. ఇంటికెళ్ళాక చాలాసేపు ఆలోచించాను. గేటు పోవాలి, ఆయన పని పోకూడదు. రెండింట్లో ఏ ఒక్కటి జరక్కపోయినా నేను ఓడిపోయినట్టే.

కమిటీ మీటింగు నాలుగు గోడల మధ్య పెడితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ సభ్యుల జీపు వస్తుంటేనే అన్ని గేట్లూ లేస్తాయి. గేటు దగ్గర ఆగడమంటే ఏంటో వాళ్ళకి ఎవరు చెప్పాలి? అందుకని మీటింగు లంకలోనే, హైస్కూల్లో, సంతరోజు పొద్దున పెట్టించాను. ఎవరి జీపుకీ ప్రత్యేకంగా గేటు ఎత్తొద్దని పాటదారుకి గట్టిగా చెప్పాను. మా పైఅధికారి ఈఈ గారు, "ఎందుకమ్మా ఈ తిప్పలు, ఏసీ రూములో తేలిపోయే దానికి," అన్నారు. "తేలకూడదనే సార్," అన్నాను.

నా తెలివికి నేనే మురిసిపోతూ ముందు జీపులో కూర్చున్నాను. వంతెన దగ్గరకొచ్చి చూద్దును కదా, ఒక్క బండి లేదు. పాయ మీద గాలి తప్ప ఏమీ లేదు. గేటు వాసానికి తెల్లసున్నం కొట్టి మామిడాకులు కట్టారు. అవతలి గట్టున లంక సర్పంచి గారు దండలు పట్టుకుని నిలబడ్డారు.

"ఏంటండీ ఇది? బళ్ళేవి?" అన్నాను వంతెన దాటగానే జీపు దిగి, ఆయన చెవిలో.

"అన్నీ ఊళ్ళోనే ఆపించేశానండి మేడం గారూ," అన్నాడు ఆయన సంతోషంగా. "జడ్పీ చైర్మన్ గారు మొదటిసారి మా ఊరొస్తుంటే దారికి అడ్డం పడితే ఏం బాగుంటుందండి? మీకు మాటొస్తుంది కదాండి."

ఏళ్ళ తరబడి ఏ కష్టం చూపించాలని అర్జీలు పెట్టారో, చూసేవాళ్ళు వచ్చిన రోజున ఆ కష్టాన్ని చేటతో చెరిగినట్టు శుభ్రం చేసేశారు. మర్యాద మా గోదావరి జిల్లాల్లో ఒక జబ్బు. చైర్మన్ గారు జీపులోంచే వెనక్కి తిరిగి, "ఏమ్మా, బార్లు తీరతాయని రాశావ్. దారి హాయిగా ఉందే," అన్నారు. మా ఈఈ గారు గోదావరి వైపు చూస్తూ నవ్వు దాచుకున్నారు.

మీటింగు నాకు ఎదురే నడిచింది. లంక తరఫున మాట్లాడాల్సిన సభ్యురాలి బదులు వాళ్ళాయన లేచి, మైకు దొరికింది కదా అని చైర్మన్ గారిని పొగడటంలోనే సగం టైము గడిపేశాడు. మెట్టవైపు నుంచి వచ్చిన సభ్యుడు మాత్రం సూటిగా మాట్లాడాడు. కోరుకొండ అవతల మనిషి.

"మీకు గోదావరి ఉందండి, కాలువలున్నాయి, మూడు పంటలున్నాయి. మాకేమున్నాయండి? మా ఊరి కంకరరోడ్డు ఈ గేటు ఆదాయంతోనే వేశారు, ఏటా గుంతలు పూడ్చేదీ దాంతోనే. ఇది ఆపేస్తే మా పిల్లలు మళ్ళీ బురదలోనే బడికి నడవాలి. లంకవాళ్ళకి కాస్త ఇబ్బంది ఉందంటున్నారు. పొద్దున్నే వచ్చాం కదా, ఏదండి ఆ ఇబ్బంది?"

ఆయన మాటలో న్యాయం ఉంది. అబద్ధమాడుతున్నాడని కొట్టిపారేయడానికి లేదు. నేను లేచి, రోడ్డు వేయాల్సింది అందరి సొమ్ముతోనని, ఒక ఊరివాళ్ళ దారి మీద గేటు కట్టి ఇంకో ఊరికి రోడ్డెయ్యడం ధర్మం కాదని చెప్పాను. వంతెన మీద బరువు సంగతి చెప్పాను. సగం మంది కిటికీలోంచి వంటశాల వైపు చూస్తున్నారు. గేటు ఇంకో ఏడాది ఉంచి తర్వాత ఆలోచిద్దామని చైర్మన్ గారు తేల్చబోతుండగా సర్పంచి గారు చేతులు కట్టుకుని వచ్చి, "భోజనాలు సిద్ధమండి. తిన్నాక ఏదైనా సంతకం పెడుదురుగాని," అన్నారు. ఆ తీర్మానాన్ని ఆపింది నా వాదన కాదు, లంకవాళ్ళ పనసపొట్టు కూర.

వడ్డన మామూలుగా జరగలేదు. వద్దంటే ఇంకో గరిటె. పెరుగు తర్వాత మళ్ళీ పులిహోర వచ్చింది. తిన్నాక మంచాలు వేశారు. తీర్మానం టౌనుకి వెళ్ళాక రాసుకుందామని అంతా బద్ధకంగా లేచి జీపులెక్కేసరికి పొద్దు వాలింది.

పొద్దున మర్యాద కోసం ఆపిన బళ్ళు ఎంతసేపని ఆగుతాయి? సాయంత్రం వేలానికి రావులపాలెం మార్కెట్టుకి అందకపోతే గెలలు కారుచౌకకి పోతాయి. మేము భోజనాల దగ్గరుండగానే వాళ్ళు ఒక్కుమ్మడిగా బయల్దేరారు. పొద్దుటి బళ్ళు, సాయంత్రం బళ్ళు, సంతకి ఆలస్యమైనవాళ్ళు, అందరితోనూ వంతెన ఆ చివరి నుంచి ఈ చివరిదాకా నిండిపోయింది. మా జీపులు బారు చివర చిక్కుకున్నాయి.

డ్రైవరు హారన్ కొట్టాడు. ముందున్న గెలల బండివాడు దిగి వచ్చి దణ్ణం పెట్టాడు. "జరుగుదామనే ఉందండయ్యా, చోటు లేదండి. ఏమీ అనుకోకండి," అన్నాడు. అతని వెనకున్న పాలాయన, "భోజనాలు బాగా జరిగాయాండి?" అని కుశలం అడిగాడు. అతని క్యాన్ల మీద తడిగుడ్డ ఎప్పుడో ఆరిపోయింది. ఎవరి ముఖంలోనూ కోపం లేదు. రోజూ ఉండే తంతే అన్నట్టు నిలబడ్డారు.

చైర్మన్ గారు కాసేపు ఓపిక పట్టారు. తర్వాత విసనకర్రలా ఫైలు ఊపుకున్నారు. ఇంక ఆగలేక, "దిగి నడుద్దాం పదండి," అన్నారు. నేను అప్పటికే దిగి ఉన్నాను.

వంతెన మీద బళ్ళ పక్కనుంచి ఒకరి వెనక ఒకరం నడిచాం. సగం దూరం వెళ్ళేసరికి మెట్ట సభ్యుడు ఆగిపోయి పిట్టగోడ పట్టుకున్నాడు.

"ఇదేంటండి, ఊగుతోంది?"

"వంతెనలు కాస్త ఊగుతాయండి, ఊగాలి కూడా," అన్నాను. "కానీ ఇన్ని లారీలు అంటుకుని నిలబడతాయని మేము లెక్కవెయ్యలేదు. ఇవి నిలబడింది గేటు వల్ల. గేటు లేకపోతే వచ్చిన బండి వచ్చినట్టు పోతుంది."

"ఇదేంటి మరి?" అన్నారు చైర్మన్ గారు కింద చూపిస్తూ. స్లాబుకీ స్లాబుకీ మధ్య సందులో రావిమొక్క ఒకటి మోకాలెత్తు పెరిగింది. కాస్త దూరంలో ఇంకొకటి. నీళ్ళు పోవాల్సిన గొట్టాలన్నీ మట్టితో పూడిపోయి ఉన్నాయి.

"పక్షులు గింజలు వేస్తాయండి, వేళ్ళు కాంక్రీటుని చీలుస్తాయి. రోజూ చూసి పీకే మనిషి ఒకడు కావాలి. గేటు దగ్గర ఉన్న మనుషులంతా వసూలు చూసేవాళ్ళే. వంతెనని చూసేవాళ్ళు ఎవరూ లేరండి."

చైర్మన్ గారు వంగి ఆ మొక్కని లాగారు. రాలేదు. రెండు చేతులా లాగారు. అయినా రాలేదు. చొక్కాకి మట్టంటుకుంది. చేతులు దులుపుకుని గేటుదాకా నడిచారు.

గేటు దగ్గర తాడు పట్టుకుని బాబాయ్ నిలబడ్డాడు. పాటదారు మనిషి ఒక్కొక్క బండిని ఆపి చీటీ రాస్తున్నాడు. "ఎత్తవయ్యా," అన్నారు చైర్మన్ గారు.

"మీకాండి? అందరికీనాండి?" అన్నాడు బాబాయ్. వెటకారం లేదు ఆ గొంతులో. నిజంగానే అడిగాడు.

చైర్మన్ గారు వెనక్కి తిరిగి ఆ బారుని ఒకసారి చూశారు. "అందరికీ," అన్నారు.

పాటదారు మనిషి ఏదో అనబోయాడు. మెట్ట సభ్యుడే అతని భుజం మీద చెయ్యి వేసి పక్కకి జరిపాడు. బాబాయ్ తాడు లాగుతూ నా వైపు చూశాడు. ఆ తాడుతో తన పని కూడా లేచిపోతోందని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆయన వాసం బాగా పైకి లాగి, తాడు ముడేసి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని పాత గొంతుతో అరిచాడు.

"రండోయ్! ఇంకెవరైనా ఉన్నారాండోయ్!"

లారీల ఇంజన్లు ఒకదాని తర్వాత ఒకటి లేచాయి. గెలల బండివాడు పోతూ పోతూ చైర్మన్ గారికి మళ్ళీ దణ్ణం పెట్టాడు. చూస్తుండగానే వంతెన ఖాళీ అయింది.

టోలు రద్దు తీర్మానం ఆ తర్వాత సమావేశంలో ఏకగ్రీవంగా పాసైంది. మెట్టవాళ్ళ రోడ్డుకి వేరే పద్దులో డబ్బు చూడాలని ఇంకో మాట కూడా చేర్చారు. అది చేర్చమన్నది నేనే. పాటదారుకి మిగిలిన నెలలకి సర్దుబాటు చేశారు. అందరూ నన్ను మెచ్చుకున్నారు. నేను మాత్రం ఆ రోజే రెండో కాగితం పెట్టాను. కాలువ మీద లస్కరు ఉన్నట్టే వంతెన మీద ఒక లస్కరు పోస్టు కావాలని, గేటు మనిషినే అందులో వెయ్యాలని.

రావిమొక్క పీకలేకపోయిన చేతులకి అది గుర్తుంటుందనుకున్నాను. గుర్తులేదు. "ఆదాయం తీసేసి జీతం అడుగుతారా?" అని కాగితం తిప్పి కొట్టారు. మా ఈఈ గారు, "గెలిచావు కదమ్మా, ఇక వదిలెయ్. మనకెందుకు," అన్నారు. ఆయన మంచివారే. అన్ని విషయాల్లోనూ మనకెందుకు అనేవారు, అంతే.

ఏటా వరదలకి ముందు ప్రతి వంతెనా రాకపోకలకి క్షేమంగా ఉందని డీఈ సంతకం పెట్టాలి. ఆ ఏడు ఆ వంతెన దగ్గరకొచ్చేసరికి నేను సంతకం పెట్టలేదు. రోజూ చూసే మనిషి లేడు గనక దాని క్షేమం సంగతి నాకు తెలియదని రాశాను. ఇక చూసుకోండి. ఫోన్ల మీద ఫోన్లు. ఏజెన్సీ కొండల్లోకి బదిలీ చేస్తామని ఒకరు, సస్పెండు చేస్తామని ఒకరు. చివరికి చైర్మన్ గారు స్వయంగా పిలిచారు.

"నన్ను బెదిరిస్తున్నావా అమ్మా?"

"లేదండి. తెలియనిది తెలియదని రాశాను."

"సంతకం పెట్టకపోతే లారీలు ఆపాలి. లంకవాళ్ళు నన్ను తిట్టరా?"

"తిడతారండి. అందుకే లస్కర్ని వేయమంటున్నాను. మీ పొలం మీది కాలువకి లస్కర్ని తీసేస్తే మీరు ఊరుకుంటారాండి?"

ఆయన రైతు. ఆ మాట ఆయనకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. నా వంక చూసి, "మొండిదానివి," అన్నారు. కాదనలేదు నేను.

బాబాయ్ ఈ గొడవ జరిగినన్నాళ్ళూ జీతం లేకుండా రోజూ వంతెన దగ్గరకి వస్తూనే ఉన్నాడు. "ఎందుకు బాబాయ్" అంటే, "అలవాటమ్మాయ్. ఇంట్లో ఏం తోస్తుంది," అనేవాడు. వరదనీరు ఎర్రబడకముందే ఆర్డరు వచ్చింది. అదే వారం నా ఏజెన్సీ బదిలీ ఆర్డరు కూడా వచ్చింది. మొదటిది ఆయన చేతిలో పెట్టి, రెండోది నా బ్యాగులో పెట్టుకున్నాను.

ఆ రోజు గునపం ఇచ్చి, సందులు చూపించి, గొట్టాలు చూపించి వంతెన పొడుగునా నడిపించాను. "పంటు నడిపినోణ్ణి, మొక్కలు పీకమంటావా?" అని గొణిగాడు. గొణుగుతూనే మోకాళ్ళ మీద కూర్చుని, చైర్మన్ గారికి రాని ఆ రావిమొక్క చుట్టూ తవ్వడం మొదలుపెట్టాడు. నేను బస్సెక్కేదాకా తవ్వుతూనే ఉన్నాడు. రిటైరయ్యేదాకా ఆ వంతెన మీదే పనిచేశాడు. ఆయన తర్వాత ఆ పోస్టులో ఇంకొకరు, తర్వాత ఇంకొకరు వచ్చారు.

ఇదంతా ఆ కుర్ర డీఈకి ఫోనులో చెప్పలేదు. ఒక్కటే చెప్పాను. "రద్దు రాసేముందు ఒకసారి వంతెన చూసి రా. జీపులో కాదు, నడిచి."

పాపం, బుద్ధిమంతుడు, వెళ్ళాడు. సాయంత్రం మళ్ళీ ఫోను చేశాడు.

"ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిచి చూశానండి మేడం. గొట్టాలు శుభ్రంగా ఉన్నాయి. సందుల్లో ఒక్క మొక్క కూడా లేదు. మరి అక్కడ లస్కరు చేసే పనేంటండి?"

నాకు నవ్వొచ్చింది, కోపం కూడా వచ్చింది.

"నువ్వు ఇప్పుడు చూసొచ్చిందే నాయనా," అన్నాను. "అతను చేసే పని అదే."